ముఖం కోసం కొన్న లెన్సు

నాకు ముక్కు మీద కోపమని మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్తుంది. కాదనను. అయితే ఆ కోపంలో సగానికి పైగా మనుషుల మీద ఖర్చు కాలేదు, ఒక లెన్సు మీద ఖర్చయింది. మనిషి మీద కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళే వచ్చి పలకరిస్తారు, మనమే పోయి పలకరిస్తాం, చల్లారిపోతుంది. వస్తువు మీద కోపం అట్లా చల్లారదు. అది బీరువాలో నల్ల సంచిలో కూర్చుని ఉంటుంది. బీరువా తెరిచినప్పుడల్లా మళ్ళీ కడుపు మండేది.

మా నాయనకు చిత్తూరులో ఫొటో స్టూడియో. కింద అంగడి, పైన మేము. పెళ్ళిళ్ళు, సీమంతాలు, చెవులు కుట్టే ఫంక్షన్లు, హాల్‌టికెట్టుకు కావలసిన చిన్న ఫొటోలు, ఇవీ ఆయన పని. నాది పరుగు. నాలుగు వందల మీటర్లు, అంటే గ్రౌండు చుట్టూ ఒక పూర్తి చుట్టు. చదువులో నేను అంతంత మాత్రం. కానీ రాష్ట్రస్థాయి పోటీలో పరిగెత్తినట్టు ఒక్క సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా కింద సీటు వస్తుంది. ఆ చదువు గట్టెక్కితే ఏదో ఒక బడిలో డ్రిల్లు టీచరు కావచ్చు. మెడలో విజిల్ వేసుకుని, ఎండలో నిలబడి పిల్లల్ని పరిగెత్తించడం. నేను ఇంకేమీ కోరుకోలేదు. ఆ మాత్రం కోరికకు దేవుడు అడ్డుపడడు అనుకున్నాను.

సర్టిఫికెట్ కావాలంటే ముందు తిరుపతిలో జిల్లా సెలెక్షన్లు గట్టెక్కాలి. మొదటి ఇద్దరే రాష్ట్ర పోటీకి పోతారు. మూడో మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఇంటర్ మొదటి ఏడాది ఆ మూడో మనిషిని నేనే అయ్యాను. గీత దగ్గర నిలబడే సార్లందరి కళ్ళూ ఫస్టు వచ్చిన పిల్ల మీదే ఉంటాయి. ఆమె వెనక ఎవరు ముందు దాటారో, ఎవరు తర్వాత దాటారో ఒకరినొకరు అడుక్కుని రాసుకుంటారు. నేను రెండో స్థానమని నాకు అనిపించింది. వాళ్ళకు మూడని అనిపించింది. వాళ్ళ చేతిలో పెన్ను ఉంది, నా చేతిలో ఏమీ లేదు.

తిరుగు బస్సులో నేను కిటికీకి తల ఆనించి ఏడుస్తూ కూర్చున్నాను. బస్సు పాకాల దాటింది. అప్పుడు నాయన మెల్లగా అన్నాడు.

"వచ్చే తూరి నేను ఫొటో తీస్తా పాపా. ఫొటో ఉంటే ఎవురూ కాదనలేరు."

కెమెరా కథ అట్లా మొదలైంది. సరదా కోసం కాదు, పేపర్లో వేయించుకోవడానికి కాదు. సాక్ష్యం కోసం. అది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత మేమిద్దరమూ దాన్నే మరిచిపోయాం.

మొదట ఆయన పెళ్ళి కెమెరాతోనే ప్రయత్నించాడు. పొద్దున్నే నేను ప్రాక్టీసుకు పోయే గ్రౌండుకు ఆయనా వచ్చి నిలబడేవాడు. ఆయన జీవితమంతా తీసింది ఆగి నిలబడే మనుషుల్ని. తాళి కట్టే క్షణంలో కూడా పెళ్ళికొడుకు తాళిని పట్టుకుని మా నాయన వైపు చూస్తాడు. నాయన తల ఊపేదాకా ముడి పడదు. బాజాలు మోగుతూనే ఉంటాయి, అక్షింతలు పడుతూనే ఉంటాయి, ముహూర్తం మాత్రం ఆయన కోసం ఆగుతుంది. అలాంటి మనిషికి పరుగెత్తే పిల్ల ఏం అర్థమవుతుంది. మొదటి రోజు ఫొటోల్లో ఖాళీ ట్రాకు ఉంది. కొన్నింట్లో నా జడ చివర ఉంది. ఒకదాంట్లో తల లేని నేను ఉన్నాను.

"ఆగమ్మా, ఆడ్నించి ఇంకొక తూరి రా," అన్నాడు.

"పోటీలో కూడా అట్లనే ఆగమంటావా నాయనా?" అన్నాను. గ్రౌండులో నడిచే ముసలాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ కెమెరా మీట నొక్కిన తర్వాత ఒక క్షణం ఆలోచించుకుని గానీ తీయదు. ఆ క్షణంలో నేను ముందుకు పోయి ఉంటాను. దాని ఫోకస్ నేను ఉన్నచోట కాకుండా నేను దాటి వచ్చినచోట నిలబడుతుంది. వరసగా తీయమంటే నాలుగు తీసి ఆయాసపడి ఆగిపోతుంది. దీంతో కుదరదని ఆయనకే తెలిసిపోయింది.

అమ్మ కట్టే చీటీని ముందుగానే ఎత్తించి, మేమిద్దరం మద్రాసు పోయాం. మా చిత్తూరు వాళ్ళకు కొత్త చీరైనా, కొత్త కెమెరా అయినా మద్రాసే. రాణీపేట మీదుగా పోయే బస్సులో నాయన దారి పొడుగునా కొనబోయే కెమెరా గురించే మాట్లాడాడు. ఆయన అంత మాట్లాడటం నేను అంతకు ముందు చూడలేదు. పరుగును తీయాలంటే సెకనులో వెయ్యో వంతు మాత్రమే కెమెరా కన్ను తెరిచి మూసుకోవాలట, లేకపోతే కాళ్ళు పొగలాగా వస్తాయట. అంత తక్కువసేపు తెరిస్తే వెలుతురు చాలదు కాబట్టి లెన్సు నోరు పెద్దదిగా ఉండాలట. ఫోకస్ ఒకచోట నిలబడకుండా మనిషితో పాటు పరిగెత్తాలట. మెమరీ కార్డు కూడా చురుకైనదే కావాలి, లేకపోతే గీత దగ్గరకు వచ్చేసరికి కెమెరా అన్నం తిన్న పిల్లోడి మాదిరి నిద్రపోతుందట. ఎవరెవరినో అడిగి, రాత్రులు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. నాకోసం అంత నేర్చుకున్నాడన్న గర్వంతో నేను ఆ పూట ఏమీ విసుక్కోలేదు.

అంగడిలో ఒక నడివయసాయన మా ముందు గాజు బల్ల మీద సామాను పరిచాడు. అరవం కలిసిన తెలుగు. ఏం తీస్తారని అడిగాడు. పరుగు పందెం, గీత దాటేది, ఎవరు ముందో తెలియాలి అన్నాడు నాయన.

"అట్లయితే ముఖంతో పని లేదు సార్," అన్నాడు ఆయన. "గీతకు సరిగ్గా పక్కన నిలబడండి. స్టాండు వేసి కదలకుండా పెట్టండి. అందరూ పట్టే మాదిరి వెడల్పు లెన్సు, మామూలుది చాలు. డబ్బులు లెన్సుకు కాదు, కెమెరా బాడీకి పెట్టండి. సెకనుకు ఎన్ని ఫొటోలు జాస్తి తీస్తే అంత మంచిది."

ఆ బాడీ ధర ఎక్కువ. దాని మీద ఆయనకు లాభం కూడా ఎక్కువే అయి ఉంటుందని నాకు అనుమానం వచ్చింది. నాయనకు వేరే అనుమానం వచ్చింది.

"పక్కనుంచి తీస్తే మనిషి యాడ కనిపిస్తాది సార్? సెవి కనిపిస్తాది," అన్నాడు.

నేను నవ్వాను. అది నవ్వే మాట కాదని నాకు తెలియదు. ఇరవై ముప్పై ఏళ్ళుగా మా నాయనకు అన్నం పెట్టింది ముఖమే. ఆల్బంలో ముఖం సరిగా పడని ఫొటోకు ఎవరూ డబ్బులివ్వరు. మేనత్త ముఖం పక్కకు తిరిగి ఉంటే ఆ మేనత్త అంగడికి వచ్చి గొడవ పెట్టుకుంటుంది. ముఖం లేని ఫొటో ఫొటో కాదని ఆయన చేతికి కూడా తెలుసు. ఆ చెయ్యి బల్ల మీద ఉన్న పొడుగు లెన్సు మీదకు పోయింది. నోరు పెద్దది, బరువైనది, దూరంగా ఉన్న మనిషిని దగ్గరకు లాక్కునేది. పెళ్ళిళ్ళకూ పనికొస్తుంది, వెనకంతా మసకబారి మనిషి ఒక్కటే తేలి కనిపిస్తుంది అని ఆయన తనకు తానే చెప్పుకున్నాడు. దానికి సరిపోయే బాడీ మధ్యరకంది, ఎదుటి మనిషి కన్నును వెతికి ఫోకస్ పట్టుకునేది. రెండూ మేలైనవి కొనే స్తోమత లేదు. బాడీకి పెట్టాలా, లెన్సుకు పెట్టాలా అన్నదే లెక్క.

"ఒక తూరి పరిగెత్తి రా పాపా," అన్నాడు.

నేను చుడీదారులో, చెప్పులు విడిచేసి, ఆ వీధిలో నిలబెట్టిన బైకుల పక్కనుంచి పరిగెత్తాను. టీ తాగుతున్నవాళ్ళు ఎవరైనా తరుముతున్నారేమో అని నా వెనక చూశారు. వెనక్కి తిరిగి కెమెరా వైపు పరిగెత్తుకు వచ్చాను. నాయన వీపు గోడకు ఆనించి తీశాడు. ఇద్దరం తల కలిపి చూశాం. బస్సులు, బోర్డులు, కరెంటు తీగలు, ఆ వీధి చెత్త అంతా కరిగి మెత్తని రంగు అయిపోయింది. మధ్యలో నా ముఖం. నుదుటి మీద చెమట, పైకి లేచిన వెంట్రుకలు, కంట్లో వెలుగు. నేను పరిగెత్తేటప్పుడు అట్లా ఉంటానని నాకు తెలియదు. నిజం చెప్పాలంటే దాన్ని ఇంకొకసారి చూపించమని అడిగాను.

అంగడాయన ఇంకొకసారి అన్నాడు, "పందెం ఫలితానికి ఇది కాదు సార్." ఇద్దరమూ చెవికెక్కించుకోలేదు.

ఆ ఏడాదంతా నాయన ఆ లెన్సుతో నా వెంట తిరిగాడు. చెయ్యి కుదిరింది. కెమెరాలో ఒక చిన్న చదరపు గుర్తు నా కన్నును పట్టుకుంటే నేను మలుపు తిరిగినా వదిలేది కాదు. గ్రౌండుకు వచ్చే పిల్లలందరూ "మామా, నాదీ ఒకటి" అని ఆయన చుట్టూ చేరేవాళ్ళు. ఆయన మాత్రం నేను వచ్చే వేళకు అందరినీ పక్కకు తప్పించేవాడు. నా పరుగు కూడా బాగుపడింది. చివరి మలుపులో తల వెనక్కి వేసే చెడ్డ అలవాటు ఉండేది, ఆయన ఫొటోలు చూసే మానుకున్నాను. ఆ ఒక్క మేలు ఆ లెన్సు చేసిందని ఒప్పుకోవాలి.

సెలెక్షన్ల రోజు తిరుపతిలో, యూనివర్సిటీ గ్రౌండులో, కొండ మీద మబ్బు ముక్క కూడా లేదు. నాకు అదే ఆఖరి ఏడాది. ఆ తర్వాత వయసు దాటిపోతుంది, ఇంటరూ అయిపోతుంది. నాకు మూడో ట్రాకు వచ్చింది. నాలుగో ట్రాకులో పలమనేరు వైపు పల్లెనుంచి వచ్చిన పొడుగాటి పిల్ల, పసుపు జెర్సీ. పిలుపు కోసం ఎదురుచూస్తూ నేల మీద కూర్చున్నప్పుడు, "నీళ్ళుండాయా అక్కా?" అని అడిగింది. నా బాటిల్ ఇచ్చాను. నోటికి తగలకుండా పైనుంచి పోసుకుని తాగింది. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు, అప్పుడూ లేదు.

నాయన గీతకు అవతల, మాకు ఎదురుగా, కొంచెం పక్కగా నిలబడ్డాడు. నా ముఖం అక్కడినుంచే దొరుకుతుంది.

పరుగు గురించి ఎక్కువ చెప్పను. తిరుపతి హాస్టలు పిల్ల ఒకతి మొదటినుంచే మాకు అందలేదు. చివరి మలుపు తిరిగేసరికి నేనూ పసుపు జెర్సీ పిల్లా పక్కపక్కన ఉన్నాం. దాని ఊపిరి నాకు వినబడుతూ ఉంది. కాళ్ళు నావి కాకుండా పోయాయి. గీత, తెల్ల సున్నం, అది మాత్రమే చూశాను. రొమ్ము ముందుకు తోశాను. దాటాను. నేనే ముందు దాటానని నా ఒంటికి తెలుసు. ఆ తర్వాత ఎన్నేళ్ళు తలుచుకున్నా నాకు గుర్తున్నది ఇట్లాగే గుర్తుంది.

ఒక సారు రెండో స్థానం నాదన్నాడు. ఇంకొక సారు పసుపు జెర్సీ అన్నాడు. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. అందరికంటే పెద్ద సారు, తెల్ల టోపీ పెట్టుకున్నాయన, నేను ఫస్టు పిల్లనే చూస్తా ఉన్నా అని నిజం చెప్పేశాడు. నేను ఊరుకోలేదు. రొప్పుతూనే పోయి వాళ్ళ మధ్యలో నిలబడ్డాను.

"నేను సెకండ్ సార్. మా నాయన ఫొటో తీసినాడు. సూడండి."

నాయన అప్పటికే కెమెరా చేతుల్లో ఎత్తిపట్టుకుని వస్తున్నాడు. ఆయన ముఖంలో ఏముందో నేను చూడలేదు. ఆ రోజు ఎవరి ముఖమూ చూసే తెలివి నాకు లేదు. ఎండకు తెర కనిపించదని మెడలో తువ్వాల తీసి కెమెరా మీద కప్పి, ముందు తాను తల దూర్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సార్లను ఒక్కొక్కరిని లోపలికి రానిచ్చాడు. ఒకటి తర్వాత ఒకటి ఫొటోలు జరుపుతున్న చప్పుడు నాకు వినిపిస్తూ ఉంది. 

తెల్లటోపీ సారు బయటకు వచ్చి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"శానా బాగా తీసినావప్పా. అయితే గీత యాడుండాది ఇందులో?"

గీత లేదు. నడుము కింద ఏమీ లేదు. నాలుగో ట్రాకు పిల్ల కూడా లేదు. అంచున ఒకచోట పసుపు మరక ఉందట, అంతే, పసుపు నీళ్ళు చల్లినట్టు.

"ఇందులో మీ పాప ఒకతే ఉండాది," అన్నాడు సారు. హేళనగా కాదు, జాలిగా. "ఒకతే పరిగెత్తితే ఫస్టే గదప్పా."

అప్పుడు మా నాయన కొట్లాడాడు. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరంతా అనుకునే మా నాయన, పెళ్ళివాళ్ళు సగం డబ్బులు ఎగ్గొట్టినా సరేనని వచ్చే మా నాయన, ఆ గ్రౌండులో గొంతు పోయేట్టు అరిచాడు. ఛాతీ సూడండి సార్ అన్నాడు, వంగింది సూడండి అన్నాడు. పోయిన ఏడూ ఇట్లనే చేసినారు, పాప బతుకు సార్ అన్నాడు. ఒక సారు చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళు పక్కకు జరిగిపోతుంటే వెనకాలే పోయాడు. నాకు సిగ్గుగా లేదు. ఇంకా అరువు, ఇంకా అరువు అనుకున్నాను. పసుపు జెర్సీ పిల్ల నా నీళ్ళ బాటిల్ చేతిలో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నేలను చూస్తూ నిలబడింది. రెండో స్థానం దానికే రాశారు.

బస్సులో ఈసారి నేను ఏడవలేదు. "గీత తీయరా అంటే ముఖం తీసినావు," అన్నాను. నాయనను రా అన్నాను, ఆ మాట నోట్లోనుంచి వచ్చాక కూడా వెనక్కి తీసుకోలేదు. "నా ముఖం నేనేం చేసుకోవాల?" ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సీటు రాలేదు. అర్జీ పెట్టే అర్హతే లేదన్నారు. కొన్నాళ్ళు మంచం మీద పడుకున్నాను, తర్వాత లేచి కింద అంగడిలో కూర్చున్నాను. కంప్యూటరులో ఆల్బం పని నేర్చుకున్నాను. మొటిమలు తీసేయడం, మూసిన కళ్ళు తెరవడం, వెనక నిలబడిన పరాయి మనిషిని మాయం చేయడం. ఆ లెన్సు మాత్రం వెలిగిపోయింది. పెళ్ళికి ముందు జంటలకు తీసే ఫొటోలకు దాన్ని మించింది లేదని, మా జిల్లాలో అంత అందంగా వెనక మసక ఎవరూ తేలేరని పేరొచ్చింది. తలకోన నుంచి తడ దాకా పిలుపులు వచ్చాయి. నా బతుకును మింగిన వస్తువు మా ఇంటికి అన్నం పెడుతూ ఉంది. దీనికంటే ఒళ్ళు మండే సంగతి ఏముంటుంది.

ఇంట్లో ఏ గొడవ వచ్చినా నేను అక్కడికే తెచ్చేదాన్ని. కూరలో ఉప్పు ఎక్కువైందని మొదలైన మాట కూడా లెన్సు దగ్గరకు చేరేది. నువ్వు ఆ లెన్సు కొన్ననాడే నా కాళ్ళు విరగ్గొట్టినావు అనేదాన్ని. నాయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఒకసారి అమ్మ ఉండబట్టలేక, "ఆ అంగడాయన వద్దని చెప్పినప్పుడు నువ్వూ ఉంటివి గదమే" అంటే, నాయనే ఆమెను కసిరాడు. "పాపను అననీ" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది. తప్పు ఒప్పుకుంటున్నాడు కదా అనుకున్నాను.

మొన్న వేసవిలో పాత హార్డ్ డిస్కులు నిండిపోయాయి. పాత పెళ్ళిళ్ళు తీసేయమని నాయన చెప్పాడు. ఆల్బం ఇచ్చేసి ఏళ్ళు గడిచినవాటిని ఒక్కొక్కటే తెరిచి, చూసి, చెరిపేస్తూ పోయాను. మధ్యలో తిరుపతి గ్రౌండు వచ్చింది. నమ్మరు గానీ, ఆ ఫొటోలు నేను అంతవరకు చూడలేదు. ఆ రోజు తువ్వాల కింద నాకు చోటు లేదు, ఆ తర్వాత ఇష్టం లేదు. చెరిపేద్దామనే తెరిచాను.

అందంగా ఉన్నాయి. తిట్టడానికి కూడా వీలు లేనంత. నా పనిలో ఫొటో తెరవగానే మొదట చేసేది కన్ను పెద్దది చేసి చూడటం, కన్ను స్పష్టంగా ఉంటే ఫొటో పనికొస్తుంది, లేకపోతే లేదు. చెయ్యి తనంతట తానే ఆ పని చేసింది. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. వాటి మీద ఎర్ర దుమ్ము ఉంది. నేను ఇన్నేళ్ళలో ఎన్ని వేల కళ్ళు సరిచేశానో. పెళ్ళికూతురు మొగుణ్ణి చూస్తోందా, వీడియో లైటును చూస్తోందా, గడప దగ్గర ఇంకెవరినైనా చూస్తోందా, కంటి నల్లగుడ్డు ఎక్కడుందో చూసి చెప్పగలను. ఎవరి కళ్ళైనా.

మొదటి ఫొటోల్లో నా కళ్ళు నేరుగా గీతను చూస్తున్నాయి. ఆ తర్వాత నల్లగుడ్డు పక్కకు పోయింది, నాలుగో ట్రాకు వైపు, నాకు సరిగ్గా పక్కన. దాని తర్వాత ఫొటోలో పక్కనుంచి ముందుకు జరిగింది. ఆ తర్వాతదాంట్లో ఇంకా ముందుకు. నా కళ్ళు ఒక మనిషి వెనకాల పోతున్నాయి. నాకంటే ముందు పోతున్న మనిషి వెనకాల. రొమ్ము ముందుకు తోశానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఫొటోలో భుజాలు అప్పటికే దిగిపోయాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఇంకో ఫొటోలో రెప్పలు వాలిపోయాయి. గీత ఎక్కడుందో అందులో లేదు, కానీ అవసరం లేదు. ఓడిపోయానని తెలిసిన పిల్ల ముఖం అది. సార్లు మాట్లాడకముందే, ఊపిరి తీసుకోకముందే ఆ పిల్లకు తెలుసు. తర్వాత ఎక్కడ మరిచిపోయిందో నాకు తెలియదు. అంతకు ముందటి ఏడాది గురించి కూడా ఒక ఆలోచన వచ్చింది. దాన్ని అక్కడే ఆపేశాను.

మొదటి ఫొటో నుంచి ఇంకొకసారి చూశాను. నాయన పక్క బల్ల దగ్గర చిన్న ఫొటోలు కత్తిరిస్తున్నాడు.

"నాయనా, ఇట్ల రా."

వచ్చి తెర వైపు వంగి చూశాడు. కళ్ళజోడు కూడా సరిచేసుకోలేదు. ఒక్క చూపు చూసి మళ్ళీ తన బల్ల దగ్గరకు పోయాడు.

"ఇది నువ్వు ఎప్పుడు సూసినావు?"

"ఆడనే. తువ్వాల కింద."

"సారోళ్ళకంటే ముందా?"

"ఊఁ."

కత్తెర చప్పుడు ఆగలేదు. 

"తెలిసీ అంతసేపు కొట్లాడినావా? ఏంటికి నాయనా?"

"నువ్వు సూస్తా ఉంటివి గదా."

"ఇన్నేండ్లు నేను ఆ లెన్సును తిడతా ఉంటే, నిన్ను తిడతా ఉంటే, ఒక్క మాట చెప్పి ఉండొచ్చు గదా. ఓడిపోయినావు పాపా అని ఒక్క మాట."

ఆయన కత్తెర కింద పెట్టాడు. కత్తిరించిన ఫొటోలను నాలుగేసి చొప్పున కవర్లలో పెట్టాడు. చెప్పడనుకున్నాను.

"ఆ పొద్దు ఇంటికొచ్చి నువ్వు అన్నం ముట్టలేదు," అన్నాడు. "రెండో పొద్దూ ముట్టలేదు. మూడో పొద్దు లేసి నన్నూ లెన్సునూ బండబూతులు తిట్టినావు. తిట్టినాక మీ అమ్మ పెట్టింది తిన్న్యావు. ఇంగ నేనేం చెప్పేది."

తెర మీద నా ముఖం అట్లాగే ఉంది. డిస్కులో చోటు కావాలి కాబట్టి ఆ ఫోల్డరును చెరిపేశాను, పెద్దగా ఆలోచించలేదు. లెన్సు పక్క గదిలో బీరువాలో ఉంది, సాయంత్రం రిసెప్షన్‌కు పోవాలి. దాన్ని తిట్టాలని ప్రయత్నించాను. ఏ మాటా రాలేదు. నా దగ్గర ఉన్నది ఆ కోపం ఒక్కటే, ఇన్నేళ్ళూ పొద్దున్నే లేపింది అదే, అది పోయాక లోపల ఏమీ లేదు.

మధ్యాహ్నం అమ్మ పైనుంచి అన్నానికి పిలిచింది. ఆకలి లేదన్నాను. నాయన నా వైపు ఒకసారి చూసి, ఆయన కూడా పైకి పోలేదు.